కొమ్మయందలి జీవుడు

జీవుని రాకపోకలను గూర్చి మన శాస్త్రములు చర్చించినప్పుడెల్లను బీజమే దృష్టాంతమై వచ్చుట పరిపాటి. కర్మము బీజమనియు, జన్మము అంకురమనియు, జ్ఞానాగ్నిలో వేగిన విత్తు మరల మొలవదనియు చెప్పినంతనే వినువారికి విషయము కరతలామలకమగును. అయితే విత్తుతో నిమిత్తము లేకయే తరతరములుగా మన పెరటిలో సాగివచ్చుచున్న ముద్దనందివర్ధనము ఈ దృష్టాంతమునకు లొంగదు. ఐదు రేకల రేకనందివర్ధనము అప్పుడప్పుడు జంటకాయలు కాచి, ఎఱ్ఱని గుజ్జులో పొదిగిన గింజలను చూపునుగాని, రేకలు వరుసలు వరుసలుగా దట్టమైన ముద్దపూవు పొద కాయ కాయుట అరుదు. ఎవరో ఒకరు రెమ్మ విఱిచి నాటుటచేతనే దాని వంశము నిలుచుచున్నది. వంశమనుటయు సరికాదేమో, అందు తండ్రియు లేడు, కొడుకును లేడు.

నాటుట కష్టమేమియు కాదు. తొలకరి జల్లులు పడిన పిదప, మరీ లేతయు మరీ ముదురును కాని రెమ్మను జానెడు పొడవున కణుపు క్రిందుగా కోసి, క్రింది ఆకులను తీసివేసి, కోతనుండి కారు పాలను కడిగి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు మునుగునట్లు గ్రుచ్చి, నీడపట్టున తడి ఆఱకుండ కాచుకొన్నచో కొన్ని వారములకు వేళ్లూనును. గాయమును మొదట మెత్తని కణజాలము కప్పును. పిదప, నిన్నటివఱకు కాండములో భాగమై యుండిన కణములే వేళ్లుగా పరిణమించును. వేరు వచ్చినదో లేదోయని దినదినమును పెఱికి చూచువారికి మాత్రము ఏ శాస్త్రమును తోడ్పడదు.

ఛాందోగ్యము ఆఱవ అధ్యాయమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు వృక్షమును చూపి, జీవుడు ఒక శాఖను విడిచినచో ఆ శాఖ ఎండుననియు, వృక్షమంతటిని విడిచినచో వృక్షమంతయు ఎండుననియు బోధించెను. పచ్చగా నున్న శాఖను జీవుడు విడువలేదని దీనివలన తేలుచున్నది. మఱి కోయబడి, పొరుగువాని పెరటికి పోయి, అచట పచ్చగానే చిగిర్చి పూచు రెమ్మయందున్న వాడెవడు? తల్లిపొదలోని జీవుడే అచటను ఉన్నాడన్నచో ఒక్కనికి రెండు దేహములు కలిగినవి. చీలినాడన్నచో జీవుడు ఛేదింపబడరానివాడను మాట చెడినది.

నైయాయికుడు దీనికి తడుముకొనడు. ఆత్మ విభువు, నిరవయవము. కత్తి కోసినది దేహమునే. ఆ క్రొత్త దేహమును తన అదృష్టవశమున, అనగా పూర్వకర్మఫలవశమున, వేఱొక ఆత్మ భోగాయతనముగ పొందెనని అతడు చెప్పగలడు. వినుటకు ఇది నిర్దుష్టముగనే యున్నది. అయితే గాలి అంటు మాటయేమి? కొమ్మచుట్టును బెరడును ఉంగరమువలె ఒలిచి, తడి నాచు చుట్టి కట్టినచో, ఆకులు వండిన ఆహారము క్రిందికి దిగలేక ఆ ఉంగరమునకు పైననే నిలిచిపోవును. కొమ్మ తల్లిపొదమీద నుండగనే అచట వేళ్లు పుట్టును. పిదపనే దానిని కత్తెరతో వేఱుచేసి నాటుదురు. ఆ వేళ్లు పుట్టిననాడు రెండవ జీవుడు వచ్చెనా, కత్తెర పడిననాడా? వేళ్లనాడే వచ్చినచో ఒకే పొదలో ఇద్దఱు కాపురముండిరి. కత్తెరనాడు వచ్చినచో జన్మమునకు కారణము అదృష్టమా, తోటమాలి తీరికయా?

అద్వైతి, కుండలు వేఱైనను వానిలోని ఆకాశమొక్కటేయను ఘటాకాశన్యాయమును పెరటికి తెచ్చినచో చిక్కు తీరకపోదు. మరీ సులువుగా తీరుటయే నాకు నచ్చనిది. ఏ ప్రశ్ననైనను అదే తాళపుచెవితో తెఱువగలిగినచో ఈ ప్రశ్నయొక్క విశేషమేమియు మిగులదు. బౌద్ధులు ఈ తావున సూక్ష్మదృష్టి గలవారు. బ్రహ్మజాలసుత్తము బీజమును విత్తునకే పరిమితము చేయక, వేరు, కాండము, కణుపు, కొన, విత్తు అని ఐదు తెఱగులుగ లెక్కించినది. స్థిరమైన ఆత్మనే అంగీకరింపనివారికి అది చీలునేమోయను బెంగ యుండదు. క్షణక్షణము మాఱుచు సాగు సంతానప్రవాహము రెండు పాయలైనంత మాత్రమున వారి సిద్ధాంతమునకు లోటు రాదు.

తోటకు అందఱికన్న చేరువగా నున్నవారు జైనులని నా తలంపు. ఒక దేహమునకొక జీవుడను నియమమును వారు వృక్షజాతియంతటికిని అంటగట్టలేదు. పెక్కు జీవులు ఒకే దేహమును పంచుకొను సాధారణశరీరవనస్పతులను వేఱుగ చెప్పుటయేకాక, చెట్టుయొక్క వేరునందును, బెరడునందును, ఆకునందును వేఱువేఱు జీవులను గుర్తించిరి. మన దేహమును చూచుకొని, చేయి తెగినచో ఆ చేయి మఱియొక మనుష్యుడు కాదు గనుక, జీవుడన నొక దేహమునకు ఒక్కడేయని నిశ్చయించుకొంటిమి. నందివర్ధనము విషయమున ఆ నిశ్చయము చెల్లదు. జైనమతమును ఒప్పుకొన్నచో గాలి అంటు ప్రశ్నయే పుట్టదు. కొమ్మయందలి జీవులు మొదటినుండియు కొమ్మయందే యున్నారు, కత్తెర వారిని క్రొత్తగా రప్పింపలేదు. అయితే నాటిన రెమ్మలలో ఎండినవానికి లెక్క చెప్పవలసివచ్చును. అదియు ఒక్క జీవుని లెక్క కాదు. చెట్టుచేమలవంటి ఏకేంద్రియజీవుల హింసను గృహస్థుడు పూర్తిగా మానజాలడని వారి శ్రావకాచారము అంగీకరించి, అనవసరమైనదానిని మానుమని మాత్రమే విధించినది. పూజకు పూవులు కావలెనని పొద పెంచువాడు ఆ అవసరమునకు హద్దు ఎచట గీయవలయునో తానే నిర్ణయించుకొనవలసి యున్నది.