ఒళ్ళు చేయడం

మన భాషలో జ్వరం వస్తుంది, జుట్టు నెరుస్తుంది, ఒళ్ళు మాత్రం "చేస్తారు". లావెక్కడం మనం పూనుకుని చేసిన పని అన్నమాట. మగవాడి పొట్టని కలిసొచ్చిన కాలానికి గుర్తుగా చూసే ఇళ్ళలోనే ఆడపిల్ల ఒళ్ళు ఆమె బద్ధకానికి సాక్ష్యమవుతుంది.

కణం లోపల జరిగేది చూస్తే ఈ క్రియాపదం నిలవదు. కొవ్వు కణం మొదటినుంచీ కొవ్వు కణం కాదు. ఇంకా ఏ పనీ పట్టని లేత కణాన్ని ఇన్సులిన్ తాకుతుంది. దాన్ని అందుకునే గ్రాహకమే ఒక ఎంజైము. అది ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కబురు పీఐ3 కైనేజ్, ఏకేటీ అనే మరో రెండు ఎంజైముల మీదుగా సాగుతుంది. చివరికి కేంద్రకంలో పీపార్ గామా అనే ప్రోటీను కొన్ని జన్యువుల్ని మేల్కొలిపాక ఆ కణం కొవ్వు దాచుకోవడం మొదలెడుతుంది. (ఆ ఫాస్ఫేట్లనిచ్చే ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) ఈ కణాల సంఖ్య చిన్నతనంలో, యవ్వనం వచ్చే వయసులోనే ఖాయమవుతుందనీ, పెద్దయ్యాక బాగా చిక్కినా తగ్గదనీ 2008లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. చిక్కడమంటే ఉన్న కణాలు ముడుచుకోవడమే.

ముక్తేశ్వరంలో మా పిన్ని కూతురికి ఇదంతా చెప్పాను. కోటిపల్లి రేవు దాటి వచ్చిన పెళ్ళివారు "అమ్మాయి కాస్త ఒళ్ళు తగ్గితే కబురు చెయ్యండి" అని వెళ్ళారు. అప్పట్నుంచీ రాత్రి అన్నం మానేసింది. అంతా విని, "నా ఎంజైములు బాగానే ఉండి, నేను పూతరేకులు తినే లావయ్యాననుకో అక్కా, అప్పుడో?" అంది.

ఎంజైముల్ని సాక్షులుగా పిలిస్తే, నేరమంటూ ఒకటుందని ఒప్పుకున్నట్టే. పైగా ఆ నేరం ఇంకో ఆడమనిషి మీదికి జరుగుతుంది. పుణె దగ్గర పల్లెల్లో పుట్టిన పిల్లలు ఇంగ్లండు పిల్లలకన్నా బరువు బాగా తక్కువైనా, ఒంట్లో కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని 2003లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ప్రకటించింది. గర్భంలో అందిన పోషణ సంగతి అది. వేలు తల్లివైపు తిరగడానికి ఎంతసేపు? అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తిన్న మనిషి మా పిన్ని. ఆ మిగులు ఎంతో నిర్ణయించింది ఆమె కాదు.

షుగరు పరీక్ష చేయించుకోమనడం వేరు. దానికి తప్పెవరిదో తేలక్కర్లేదు. ఆ మాట అనగానే పిల్ల బయల్దేరింది. పెళ్ళివారికి మాత్రం ఏ కబురూ పంపొద్దంది. పిన్ని ఇంకా ఒప్పుకోలేదు.