తోటకు తగిన చోటు

ధ్యానమునకు: 1 రాజులు 21వ అధ్యాయము

తొలకరి పడగానే మనలో అనేకులము పెరటిలో కూరపాదులు పెట్టుకొన తలంచుదుము. విత్తనము ఎంత మంచిదైనను చోటు మంచిది కానిచో ప్రయాస వ్యర్థము. వంగ, టమాటా, మిరప, బెండ మొదలగువాటికి దినమునకు ఆరు గంటలకు తక్కువ కాకుండ ఎండ తగులవలెను. చింత, వేప వంటి పెద్ద చెట్ల చెంత పాదులు పెట్టరాదు. వాటి నీడ ఎండను, వాటి వేళ్లు తేమను హరించును. వాన వెలిసిన తరువాత నీరు నిలుచు పల్లము పనికిరాదు. సందేహమున్నచో ఒక అడుగు లోతు గొయ్యి త్రవ్వి నీరు పోసి చూడవలెను. మరునాటికిని నీరు ఇంకకున్నచో అచ్చట ఎత్తుగా మళ్లు కట్టవలెను. నల్లరేగడి నేలలో ఇది మరింత అవసరము. నూతికిని వంటయింటికిని దగ్గరగా నుండుట మేలు. దినదినము కంటబడని తోట త్వరలోనే కలుపు పాలగును.

పరిశుద్ధ గ్రంథములో కూరతోటకు చోటు వెదకిన రాజొకడు కలడు. అహాబు కోరిన స్థలము అతని నగరును ఆనుకొనియే యున్నది. అతడు చెప్పిన బేరమును పైకి న్యాయముగానే తోచును: అంతకంటె మంచి ద్రాక్షతోట, లేదా తగిన వెల. అయితే నాబోతు తన పితరుల స్వాస్థ్యమును విడువనొల్లడాయెను. భూమి దేవునిది, దానిని శాశ్వతముగా అమ్మరాదని లేవీయకాండము 25వ అధ్యాయము బోధించుచున్నది. రాజు అన్నము మానుకొని మంచముపై పరుండెను. యెజెబెలు తాకీదులు పంపెను, అబద్ధసాక్షులు లేచిరి, నాబోతు రాళ్లతో కొట్టబడెను. ఒక కూరతోటకు ఒక మనుష్యుని రక్తము వెలయాయెను!

అహాబును నిందించుట సులభము. అయితే మా సంగతి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మా పెరటిలో చిక్కుడుకు ఎండగల చోటు చాలలేదు. పాత ముళ్లదడి తీసి క్రొత్తది వేయునప్పుడు దానిని పొరుగింటి విధవరాలి దొడ్డిలోనికి రెండు మూరలు జరిపితిమి. ఒంటరిదైన ఆ అవ్వ ఏమియు ననలేదు. చిక్కుడు విరగకాసెను. మొదటి కాయలు ఒక గంపెడు కోసి, ప్రేమతో ఇచ్చుచున్నామనుకొని, ఆమె యింటికి తీసికొనిపోతిమి. ఆమె గంప అందుకొని, "మా చోట కాసినవే గదా, అమ్మాయీ," అనెను. ఆమె కోపపడలేదు. అందుచేతనే ఆ రాత్రి కుటుంబప్రార్థనలో మా నోట మాట పెగలలేదు.

మరునాడు పందిరి విప్పి, దడిని దాని పాత చోటికి మార్చి, ఆమెను క్షమాపణ వేడుకొంటిమి. మా మునగచెట్టు క్రింది కొమ్మలు నరుకగా మిరపకు సరిపడు ఎండ వచ్చెను. నీడయున్న చోట బచ్చలి, కొత్తిమీర వేసితిమి. మొదటనే ఆ కొమ్మలు నరికియుండవచ్చును గదా! మనదానిని సరిచేసికొనుటకంటె పరునిదానిమీద చేయి వేయుట మనకు సుళువుగా తోచినది.

ప్రియులారా, ఏటేట పొరుగువాని గట్టును ఒక చాలు దున్నుకొనుచున్నామా? తమ్ముని పాలు, విధవరాలి పాలు మన దడిలోపల నున్నదా? ఎండను, నీటిని, నేలను పరీక్షించునప్పుడు, "ఈ చోటు నిజముగా మనదేనా?" అనియు అడుగుకొందము. నాబోతు తోటలోనే ఏలీయా అహాబును ఎదుర్కొనెను. మనలనైతే ప్రభువు ఇంకను కనికరముతో పిలుచుచున్నాడు. దడి వెనుకకు జరుపుటకు ఆయన మనకు కృప దయచేయును గాక. ఆమేన్.