సుగంధపు రాయి

వాక్యభాగము: యోబు 28వ అధ్యాయము



పాత గనుల చెంత మెరయు రాళ్లను ఏరి దాచుకొను అలవాటు కొందరికి కలదు. వానిలో ఊదారంగు స్ఫటికమనిన మోజు మెండు. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయములో క్రొత్త యెరూషలేము పునాదులలో పండ్రెండవదిగా మన తెలుగు బైబిలు చెప్పు సుగంధము ఇదియే.

మన పొలాల గట్లమీద పడియుండు పలుగురాయికి ఇది స్వయాన తోబుట్టువు. పలుగులో ఇసుమంత ఇనుము చేరి, చుట్టునున్న బండలనుండి వెలువడు కంటికి కానరాని కిరణములు లక్షల ఏండ్లు తగులగా ఆ రంగు పుట్టును. ఇది గాజును గీయును. కాల్చిన పసుపుపచ్చనగును, ఏండ్ల తరబడి ఎండ తగిలిన వెలిసిపోవును. కనుక ఏరుకొన్నవారు కిటికీలో పెట్టకుందురు గాక! మన దేశములో ఇది దక్కను నల్లరాతి బోలులలో దొరకును. మన వైపు గనులలో తెల్ల పలుగే ఎక్కువ. కోలారు బంగారము ఆ పలుగు చారలలోనే ఉండెను.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు అచ్చట పని చేపట్టిరి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు పోయెను. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడెను. మన కుప్పము చెంతనున్న చిగురుగుంట గనిపనియు ఆ ఏటనే నిలిచెను.

గని త్రవ్వువాడు జనులకు దూరముగా, పైన నడుచువారికి జ్ఞాపకము లేనివాడై వ్రేలాడుచున్నాడని యోబు గ్రంథము చెప్పుచున్నది. ప్రసంగికులు సాధారణముగా ఈ మాట దాటి, జ్ఞానమెచ్చట దొరకునను ప్రశ్నకు పరుగెత్తుదురు. మేమైతే ఇచ్చటనే ఆగుదుము.

చేతిలోనున్నంతసేపు పలుగురాయి అందమే. తొలిచి పేల్చినప్పుడు అదే సన్నని పొడియై ఊపిరితిత్తులలో దిగి వానిని గట్టిపరచును. దీనిని సిలికోసిస్ అందురు. 1940లలో కోలారు పనివారిని పరీక్షింపగా వేలమందిలో ఇది బయటపడెను. దిగిన పొడి మరల వెలికి రాదు. ఈ జబ్బు గలవానికి క్షయ సులువుగా అంటుకొనును. 1912 నుండి ఆరోగ్యవరము ఆసుపత్రి గల మదనపల్లె సీమవారికి క్షయ యననేమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఈ రెంటిలో ఒకదానిని చూచి మరియొకటి అనుకొనుట కలదు.

అహరోను పతకములో రాయి రాయికి ఒక గోత్రము పేరు చెక్కబడెను. పేరులేని రాయి యాజకుని రొమ్ముమీద లేదు. మన గూటిలోని రాయిని పైకి తెచ్చినవాని పేరేమి? వాని దగ్గు ఏ యింట వినబడుచున్నది?

కోలారు దిబ్బలు సైనైడుతో బంగారము తీసిన ఇసుక. ఆ ధూళిలోనికి, పాత గని నోళ్ల చెంతకు పిల్లలను పంపకుడి. గనిలో పనిచేసి వచ్చి ఆయాసపడువారు మీ పల్లెలోనున్న వారిని వైద్యునియొద్దకు తోడ్కొని పొండు. చట్టము ప్రకారము ఇది అధికారులకు తెలుపవలసిన వ్యాధి. వైద్యుడు అడుగకపోయినను, ఏ గనిలో, ఎన్ని ఏండ్లు, ఏ పని చేసినదియు మీరే చెప్పుడి. పాత కూలి చీటీలుండిన పారవేయక వెంట తీసికొని పొండు.