గీతలు పడ్డాక కొనుక్కో

అల్లుడూ,

లెక్సస్ జీఎక్స్ 470 కొన్నావని మీ అమ్మ చెప్పింది. డాలస్‌లో కంప్యూటరు ముందు కూర్చునే పిల్లాడికి కొండలెక్కే బండి ఎందుకని ఆవిడ దిగులు. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాక నాకూ దిగులు పట్టుకుంది, కాకపోతే వేరే కారణానికి. ఉక్కు బంపరు, వించి, టాపు మీద గుడారం, నిచ్చెన, వరసగా దీపాలు! బండి ఇంకా మట్టి తొక్కనే లేదు, అప్పుడే పెళ్ళికూతురికి పెట్టినట్టు నగలన్నీ పెట్టేస్తున్నావు.

ముందు నీ చేతికొచ్చిందేమిటో తెలుసుకో. అమెరికాలో 2003 నుంచి 2009 మోడల్ దాకా అమ్మిన ఈ బండి, తోలు సీట్లూ చెక్క సోకులూ పక్కన పెడితే, ల్యాండ్ క్రూజర్ ప్రాడోనే. ఛాసిస్ విడిగా, దాని మీద బాడీ విడిగా. 4.7 లీటర్ల వీ8 ఇంజను, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ అందే శక్తి, లో రేంజి, లాక్ చేసుకోగల సెంటర్ డిఫరెన్షియల్, వెనక రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇరుసు. అన్నీ కంపెనీయే ఇచ్చింది. పిల్లల్ని బడికి దింపి రావడానికి వాడిన చాలామంది ఆ లో రేంజి లివరు ఒక్కసారైనా కదిపి ఉండరు. నువ్వు కదుపు. ఏ మీట నొక్కితే ఏ చక్రం ఏం చేస్తుందో ఖాళీ స్థలంలో నేర్చుకో. దానికి డాలరు ఖర్చు లేదు.

మొదటి ఖర్చు ఫోటోల్లో కనపడనిది. ఈ ఇంజనుకి టైమింగ్ బెల్టు 90,000 మైళ్ళకోసారి మార్చాలి. పాత యజమాని మార్చినట్టు కాగితం లేకపోతే మార్చలేదనే అనుకో. వెనక స్ప్రింగుల స్థానంలో గాలి సంచులున్నాయి కదా, ఆ రబ్బరు వయసు మీదపడితే పగులుతుంది. పొద్దున లేచేసరికి బండి వెనక్కి చతికిలబడి ఉంటే అర్థమదే. వాటిని తీసేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకో. మెత్తదనం కాస్త తగ్గుతుంది, ఊరు కాని ఊళ్ళో నడిరాత్రి దిగబడే భయం పోతుంది.

ఇక ఎత్తు సంగతి. అందరూ పొరబడేది ఇక్కడే. సస్పెన్షన్ రెండంగుళాలు లేపితే బండి మొత్తం రెండంగుళాలు లేచిందనుకుంటారు. లేచేది బాడీ, ఛాసిస్. వెనక ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది, రాయికి తగిలేది తరచూ అదే. దాన్ని పైకి లేపగలిగేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. నీ బండికి వచ్చిన 265/65 ఆర్17 టైరు ముప్పైన్నర అంగుళాలు. నువ్వు అడిగిన 285/70 ఆర్17 దాదాపు ముప్పైమూడు. అంటే రెండంగుళాల పెద్ద టైరు వేస్తే ఇరుసుకి దక్కేది అంగుళం. ఆ అంగుళం కోసం బాడీ మౌంటు కోసి వెల్డింగు పెట్టాలి, గేర్లు బరువెక్కుతాయి, స్పీడోమీటరు 70 అంటుంటే నువ్వు 75లో పోతుంటావు. ముందుభాగం ఎక్కువ లేపితే చక్రాలకి శక్తినిచ్చే సీవీ ఇరుసులు ఏటవాలుగా తిరిగి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. 265/70లో మంచి ఆల్ టెరెయిన్ టైర్లు వేసుకో. కోతలు పెట్టకుండా పని జరిగిపోతుంది.

ఆ టైర్లలో గాలి తగ్గించడం నేర్చుకో. రాళ్ళ మీద 18, 20 పీఎస్ఐకి దించితే రబ్బరు పరుచుకుని పట్టు దొరుకుతుంది, నడుములూ బతుకుతాయి. మళ్ళీ హైవే ఎక్కేముందు గాలి నింపుకోవాలి గనక చిన్న కంప్రెసరు తప్పదు. నీ జాబితాలో లేనిది అదే!

బరువు గురించి కఠినంగానే చెబుతాను. బండి ఖాళీగానే రెండు టన్నులు దాటుతుంది. మోయగలిగినదెంతో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద రాసి ఉంది, చదువు. మనుషులూ నీళ్ళూ తిండీ పోగా మిగిలింది చూసుకుంటే ఉక్కు బంపరు మోజు దానంతటదే తగ్గుతుంది. టాపు మీద గుడారం మరీ చేటు, పక్కవాలులో బండిని పల్లానికి లాగేది ఆ పైబరువే. కింద డబ్బు పెట్టు: ఇంజనుకీ గేర్‌బాక్సుకీ అడ్డుగా స్కిడ్ ప్లేట్లు, తలుపుల కింద ఫ్రేమ్‌కి బిగించే స్లయిడర్లు. మిగతావి ఏం కావాలో బండి పొట్ట కింద పడ్డ గీతలు చెబుతాయి. గీత పడనిచోట కవచం కొనొద్దు.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలడం లేదు, ఆజ్ఞాపిస్తున్నాను. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు ట్రెయిలరు తగిలించే బంతికి తాడు వేయొద్దు. అది విరిగితే అద్దంలోంచి దూసుకొస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. హిచ్ రిసీవర్‌లో షాకిల్ పెట్టి లాగాలి. చుట్టూ నిలబడ్డవాళ్ళని దూరంగా పంపాలి.

యూటాలోని మోయాబ్ పోతానన్నావు. మంచిది. 1967లో మొదలైన జీపుల జాతర అక్కడ ఈస్టరుకి జరుగుతుంది, ఆ వారం మాత్రం వద్దు, జనం. నేరుగా హెల్స్ రివెంజ్ అనే రాతిదారి ఎక్కకు. ముందు కాన్యన్‌ల్యాండ్స్‌లో షేఫర్ ట్రెయిల్ దిగు. సుమారు 1,500 అడుగులు మెలికలు తిరుగుతూ దిగే మట్టిదారి. యురేనియం తవ్వే రోజుల్లో లారీలు తిరిగిన దారే. పొడిగా ఉంటే నీ బండికి ఏ మార్పూ అక్కర్లేదు, వాన పడితే దాని జోలికే పోకు. దారి పక్కన నల్లగా పొక్కులు పొక్కులుగా కనపడే నేల బతికున్న పొర. ఒక్క చక్రం గాడి పడితే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. ఎదుటి బండికి దారివ్వాల్సి వచ్చినా దాని మీదకి దిగొద్దు.

అక్టోబరులో సెలవు పెట్టుకో. డెన్వర్ నుంచి నేనూ నా బండి తీసుకొస్తాను, ఒంటి బండితో వెళ్ళే చోటు కాదది. ఈలోగా టైర్లూ కంప్రెసరూ తెప్పించు, వించి ఆర్డరు రద్దు చెయ్యి, మీ అమ్మకి ఫోన్ చేసి మామయ్య తోడొస్తున్నాడని చెప్పు.