నాలుగు తీగలు, అయిదు స్వరాలు

1879లో మదీరా దీవి నుంచి వలస వచ్చిన పోర్చుగీసువాళ్లు హవాయికి ఓ చిన్న వాద్యం తెచ్చారు. దాన్నుంచి పుట్టిందే ఉకులేలే. తీగలు నాలుగే. సి నైన్త్ కార్డుకేమో స్వరాలు అయిదు: సి, ఇ, జి, బి ఫ్లాట్, డి. అన్నీ ఒక్కసారి మీటాలంటే ఒకటి వదలాల్సిందే. మామూలు పట్టులో పోయేది సాక్షాత్తూ ఆధార స్వరం సి! పక్కన ఎవరైనా బాస్ వాయిస్తుంటే ఆ లోటు తెలియదనుకోండి.

ఆర్పెజియోగా, అంటే ఒక్కో స్వరాన్నీ విడదీసి పలికిస్తే, అయిదూ దక్కుతాయి. సి, ఇ, జి వేలు పెట్టకుండానే పలుకుతాయి. తంటా అంతా ఎ తీగ మీదే. మొదటి మెట్టున బి ఫ్లాట్, అక్కణ్ణుంచి అయిదో మెట్టుకు గెంతితే డి. మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి, ముందు ఆ రెండు స్వరాల మధ్యే వేలిని అటూ ఇటూ నడిపించండి. మిగతావి ఎలాగూ ఖాళీ తీగలేగా!