వేసవి సెలవులు – పల్లెవాసము – కాయకదృష్టి

ఏప్రిల్ నెల నాలుగవ వారమున మన బడులు మూతపడును. జూన్ రెండవ వారమున మరల తెరచుకొనును. నడుమనున్న ఈ ఏడు వారములను పిల్లలచేత ఎట్లు గడపింపవలెనన్న ప్రశ్న పట్టణములందలి మన గృహములలో ఏటేట తలయెత్తుచున్నది. కొందరు పిల్లలను మరల ఏదో యొక శిక్షణ తరగతిలో చేర్చుచున్నారు. కొందరు చల్లని కొండప్రదేశములకు విహారయాత్ర పోవుచున్నారు. కొందరు మాత్రము తాతలనాటి పల్లెకు పోయి నెలదినములుండి వచ్చుచున్నారు. ఈ మూడవది తక్కిన రెండింటికంటె మేలని అందరును తలయూపుదురు. కాని అది యెందుకు మేలు? ఎవరికి మేలు? ఆ మేలు తనంతట కలుగునా, మన నడవడిని బట్టి కలుగునా? ఈ విషయమును బసవతత్త్వపు వెలుగులో పరిశీలించుట అవసరము.

పల్లె పుణ్యభూమి, పట్టణము పాపభూమి అను మాట వినుటకు ఇంపుగా నుండును. అయితే వీరశైవుడు ఆ మాట పలుకుట తగదు. బసవేశ్వరుడు బాగేవాడిలో జన్మించినను, ఉపనయనమును నిరాకరించి, పుట్టిన యింటిని విడిచి కూడలసంగమమునకు చేరినాడు. పుట్టిన ఊరిపై మమకారమే పరమధర్మమైనచో ఆ మహనీయుడు గడప దాటియుండునా? అనుభవమంటపము వెలసినదెక్కడ? బిజ్జలుని రాజధానియైన కళ్యాణపట్టణమున. నానాదేశముల నుండి శరణులు తమ పల్లెలను విడిచి ఆ నగరమునకే నడచివచ్చిరి. ఇష్టలింగమును కరతలమున ధరించినవానికి ఒక చోటు పవిత్రము, ఒక చోటు అపవిత్రము అను భేదము లేదు. స్థావరమునకంటె జంగమము మిన్నయని చెప్పు మతము మనది. కావున "పల్లె పవిత్రము గనుక పొండు" అని మనము చెప్పరాదు. పల్లెకు పోవలెనన్నచో వేరొక కారణము చూపవలెను.

ఆ కారణము కాయకము. పట్టణమునందు కాయకము లేదని కాదు. మురుగుకాలువ తోడువాడును, ఆటో నడుపువాడును, ఆసుపత్రిలో రోగి పక్క మార్చు ఆయాయును కాయకజీవులే. కాని మనము తిను అన్నమునకు మూలమైన కాయకము మాత్రము పట్టణపు బాలుని కంట పడదు. అతడు బియ్యమును సంచిలో చూచును. పాలను ప్యాకెట్టులో చూచును. గింజకును సంచికిని నడుమ ఎన్ని చేతులున్నవో అతనికి తెలియదు. ముప్పది యేండ్లుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నాకు తరగతిలో ఒక సంగతి తరచుగా ఎదురగుచున్నది. కల్లము, గాదె, మేడి, గుంటక అను పదములకు పట్టణపు పిల్లలు అర్థమును తప్పు లేకుండ వ్రాయుదురు. వస్తువును మాత్రము ఎరుగరు. పదము నోటికి వచ్చి పదార్థము మనసునకు రాకపోవుట చదువుకు కొరత. వీరశైవ బాలునకు అది ఆచారమునకును కొరతయే.

ఎట్లనగా, మనము లింగార్పితము కాని అన్నమును స్వీకరింపము. అర్పించువాడు తాను ఏమి అర్పించుచున్నాడో ఎరిగియుండవలెను గదా! దుక్కి దున్నినవాని చెమటను, కలుపు తీసిన స్త్రీ నడుమునొప్పిని, వాన కొరకు ఆకాశమువైపు చూచిన కండ్లను తలంపకయే పళ్ళెరమును లింగమునకు చూపినచో అది చేతి అభ్యాసమగును గాని అర్పితము కాదు. ప్రసాదమును ఒక్క మెతుకైనను పారవేయరాదని పిల్లలకు నూరుసార్లు చెప్పవచ్చును. రాలిన గింజలను చేటతో ఎత్తి చెరుగు అవ్వ ప్రక్కన ఒక్క పూట కూర్చుండిన బిడ్డకు ఆ మాట రెండవసారి చెప్పనక్కరలేదు.

"వేసవిలో పల్లెయందు చూడదగినదేమున్నది? పైరు లేదు, నీరు లేదు" అని కొందరందురు. ఈ ఆక్షేపణలో కొంత నిజమున్నది. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునను సామెత ఊరక పుట్టలేదు. అయినను పనిలేని కాలము పల్లెకు లేదు. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములను తలంతము. మన సముదాయమువారు తరతరములుగా నివసించు పల్లెలు అచ్చట గలవు. హైదరాబాదు చేరిన కుటుంబములు అనేకము ఆ పల్లెలనుండి వచ్చినవే. చెరకు, జొన్న, కంది పండు ఆ నేలలో వేసవి యనగా సిద్ధపడు కాలము. పెంటకుప్ప త్రవ్వి ఎరువు పొలమునకు తోలుదురు. తొలకరికి ముందే నేల గుల్లబారునట్లు దుక్కి దున్నుదురు. గట్లు వేయుదురు. విత్తనము ఏరి దాచుదురు. చింతపండు కొట్టుదురు, పప్పు విసరుదురు, కారము దంచుదురు. ఎండిన చెరువులో పూడిక తీయుదురు; 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ మొదలైనపుడు రైతులు ఆ పూడికమట్టిని తమ చేలకు తోలుకొనిరి. పంట లేనపుడు కూడ పంటకై శ్రమించువానిని చూచుట, పంటను చూచుటకంటె గొప్ప పాఠము. ఫలమింకను కంటికి కానరాకున్నను చేయబడు పనియే కాయకమునకు నిజమైన రూపు.

గడ్డి కోసి త్రాళ్ళు పేని, వాటి నమ్మిన సొమ్ముతో జంగమదాసోహము చేసిన నులియ చందయ్య కథ మన పిల్లలకు పుస్తకమున గలదు. ఊరి రచ్చపై కూర్చుండి పలుపు పేనుచున్న ముదుసలి చేతులను చూచినవానికి చందయ్య ఎన్నడో మరణించిన పురాణపురుషుడుగా కాక ఇరుగుపొరుగువానిగా తోచును. నైలాను త్రాడు వచ్చినదనియు, ట్రాక్టరు వచ్చి కాడిని మూలబెట్టినదనియు, పల్లెపిల్లల చేతులలోను సెల్‌ఫోనులున్నవనియు నేనెరుగుదును. నేటి పల్లె మన తాతలనాటి పల్లె కాదు. అట్టి పల్లెను వెదకుచు పోవువారు నిరాశపడుదురు. మారిన పల్లెలో సైతము అన్నము నేలనుండియే పుట్టుచున్నది. ఆ పుట్టుకను చూపిన చాలును.

ఇక మేలును కీడుగా మార్చు మూడు విషయములను చెప్పవలసియున్నది.

మొదటిది, ఆతిథ్యభారము. పట్టణమునుండి నలుగురు వచ్చి నెలదినములున్నచో ఆ నలుగురికి నీరు తోడునదెవరు, రొట్టెలు చేయునదెవరు? ఆ యింటి కోడలు. నడివేసవిలో బిందెడు నీటికై బోరింగు కడ నిలిచియుండు తల్లికి మన సెలవు సెలవు కాదు. తిరిగి వచ్చునపుడు కందిపప్పు మూట, నేతిడబ్బా, ఊరగాయజాడీ బండిలో ఎక్కించుకొని వత్తుము. రాలిన బియ్యపుగింజలు ఏరుకొనుటయే కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు ఎప్పటికంటె మిక్కిలిగా బియ్యము తెచ్చినపుడు, ఆయన యిల్లాలు లక్కమ్మ ఆ మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. మనకు అక్కరకు మించినది మనది కాదని ఆ పుణ్యవతి నేర్పినది. పల్లెనుండి తిరిగివచ్చు ప్రతి కుటుంబమును తన మూటలను లక్కమ్మ కంటితో తూచుకొనవలెను. తెచ్చినదెంత, ఇచ్చినదెంత? చేయిసాయము, ఇంటిఖర్చులో పాలు, పొరుగు పిల్లలకు నాలుగు లెక్కలు చెప్పుట, ముసలివారిని ఆసుపత్రికి తీసికొనిపోవుట – ఇందేదియు లేని పల్లెవాసము దాసోహము కాదు, పరాన్నభోజనమే.

రెండవది మరింత జటిలమైనది. పట్టణపు బడిలో ప్రక్కపిల్లవాని కులమేమో ఎరుగక కలిసి తిన్న బాలుడు, పల్లెలో మొదటిసారిగా "ఆ వాడవైపు పోకుము", "వారింట నీళ్ళు త్రాగకుము" అను మాటలు వినును. చెప్పునది ఎవరో కాదు, తాతయో అవ్వయో, ప్రేమతోనే చెప్పుదురు. ప్రేమతో పోసిన విషము లోనికి త్వరగా దిగును. చెప్పులు కుట్టు హరళయ్య యింటికిని మంత్రియైన మధువరసుని యింటికిని కుదిరిన వివాహబంధము కొరకు కళ్యాణమున శరణులు ప్రాణములర్పించినారని మన చరిత్రలు ఘోషించుచున్నవి. ఆ రక్తముతో నిలిచిన మతమున పుట్టిన బిడ్డ, వేసవి సెలవులలో అంటుముట్టు నేర్చుకొని వచ్చినచో ఆ సెలవులకంటె శిక్షణ తరగతియే మేలు. కావున తలిదండ్రులు తోడుండి, పెద్దలకు వినయముగానే అయినను స్పష్టముగా ఎదురు చెప్పవలెను. బిడ్డ చూచుచుండగా ఎదురు చెప్పవలెను. పిల్లలను బస్సెక్కించి పంపి తాము నగరమున నుండువారికి ఈ పని సాధ్యము కాదు. ఇంకొక సంగతి: తన ఫోనును, బూట్లను చూపి పల్లెబాలుని చిన్నబుచ్చు పట్టణబాలుడు కూడ భేదమునే నేర్చుచున్నాడు. ధనమదమునకును కులమదమునకును వేరు ఒక్కటే.

మూడవది, దేహరక్షణ. 2015 మే నెలలో వడగాడ్పులకు ఉభయ తెలుగు రాష్ట్రములలో వెయ్యిమందికి మించి మరణించిరి. ఏ వేసవిలో చూచినను ఈత రాని పిల్లలు బావులలో, చెరువుగుంటలలో మునిగిన వార్తలు పత్రికలలో కనబడుచునే యున్నవి. దేహము లింగమునకు ఆలయమని నమ్మువారు ఆ ఆలయమును ఎండపాలు చేయరాదు. ప్రొద్దున పదిగంటలకు ముందును, సాయంకాలము ఎండ వాలిన పిమ్మటను మాత్రమే పిల్లలను వెలికి పంపవలెను. పెద్దల తోడు లేక నీటిదరికి పోనీయరాదు. పసిబిడ్డలను, రోగులను వడగాడ్పు దినములలో ప్రయాణము చేయింపకుండుటయే మేలు.

పల్లెయే లేనివారి మాటయేమి? 1951 జనగణననాడు మన దేశమున నూటికి 17 మంది పట్టణవాసులు. 2011 నాటికి నూటికి 31 మంది. ఈ అరువది యేండ్లలో ఎందరి భూములు అమ్ముడుపోయెనో, ఎందరి యిండ్లు మొండిగోడలాయెనో! దినకూలీకి సెలవు లేదు. చిన్న దుకాణదారు దుకాణము మూసిన ఆ దినము పొయ్యి వెలుగదు. అట్టివారిని "మీరు పిల్లలను పల్లెకు తీసికొనిపోలేదు" అని నిందించుట అన్యాయము. ఇచ్చట మఠముల ధర్మము ముందుకు వచ్చుచున్నది. తుమకూరు సమీపమునందలి సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు (1907–2019) కులభేదము పాటింపక వేలాది విద్యార్థులకు అన్నము, వసతి, విద్య సమకూర్చి దారి చూపిరి. అంతటి కార్యము అందరికి సాధ్యము కాకపోవచ్చును. పల్లెలందున్న మన మఠములు వేసవిలో పదిదినములు పదిమంది పేదపిల్లలను పిలిచి, తోటపని, గోసేవ, వంటయింటి పని చేయించి, సాయంవేళ వచనార్థము చెప్పుట మాత్రము సాధ్యమే. పొలము గల గృహస్థులు తమ బంధువుల బిడ్డలతోపాటు ఒక్క పరాయి బిడ్డను కూడ పిలిచినచో అది జంగమదాసోహమునకు సాటియగును.

పట్టణ కుటుంబములు వేసవిలో పిల్లలతో పల్లెకు పోవలెనా యన్న ప్రశ్నకు నా సమాధానమిది: పోగలిగినవారు పోవలెను. అచ్చట అన్నము పుట్టు తావును పిల్లలు కండ్లార చూడవలెను. చూచుటతో ఆగక చేతనైన పని చేయవలెను. ఇచ్చినదానికంటె మిక్కిలి తీసికొనిరారాదు. ఏ వాడలోనివారినైనను అన్నా, అక్కా యని పిలుచుట నేర్చి రావలెను. ఈ నియమములు పాటింపలేనిచో ఆ ప్రయాణము వట్టి విహారమే. పల్లెకు పోలేనివారు ఈ నియమములనే తమ వీధిలో పాటించినను కొరతయేమియు లేదు. వారి మేడక్రింద కూరగాయల బండి నిలుపు అవ్వయు కాయకజీవియే.

బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చుచున్నది. అది తరచుగా సెలవులలోనే పడుట మన భాగ్యము. బండపై చెక్కిన బసవనికి పూలమాల వేయుట పిల్లలెరుగుదురు. ఈ యేడు ఆ దినమున కొట్టములోని సజీవ బసవనికి వారిచేత ఒక మోపు మేత వేయింపుడు, కుడితి పెట్టింపుడు, చెమర్చిన ఆ మూపును నిమిరింపుడు. తదుపరి చదువు వారే అడిగి నేర్చుకొందురు.