నీలం తొట్టి ముందు

జపాన్‌లోని నీగాతా కొండల్లో అక్టోబరు వస్తే బురద చెరువుల నీళ్లు తీసేసి, వేసవంతా అందులో పెరిగిన కోయి అనే అలంకార చేపలను పడతారు. దేశదేశాల కొనుగోలుదారులు యమకోషి, ఒజియా ఊళ్లకు చేరేది అప్పుడే. నీలం తొట్టిలో చేపను వదిలి పైనుంచి చూస్తారు. కొత్తవాళ్ల కళ్లు ఎర్ర మచ్చల మీదే ఉంటాయి. తలపండినవాళ్లు ముందు ఒడ్డూపొడుగూ, చర్మం నిగారింపూ చూస్తారు. మచ్చల అందం ఆ తర్వాతే. తల్లిచేప పెట్టే లక్షల గుడ్లలో, ఏరగా ఏరగా చివరికి మిగిలేవి కొన్నే. 2004 అక్టోబరు 23న భూకంపం వచ్చి ఈ చెరువులు ఎన్నో పాడయ్యాయి. యమకోషి ఊరు ఊరంతా ఖాళీ అయింది. అయినా పెంపకందారులు తిరిగొచ్చి గట్లు కట్టుకున్నారు. అందుకే, ఆ తొట్టి దగ్గర గీచి గీచి బేరమాడకండి.